నూట పన్నెండో పేజీ

భూతద్దానికి లోకంలో చాలామంది మీద కోపం ఉంది గానీ, ఆ వరసలో మొదటి పీట మాత్రం ఎప్పుడూ కోటు బావదే.

భూతద్దం లాగే కోటు అన్నదీ నలుగురూ పెట్టిన పేరే. ఎండ పేల్చేస్తున్నా ఆ నల్లకోటు ఒంటి మీంచి దిగదు. స్వయానా అక్క మొగుడు. ఒకప్పుడు ఇద్దరూ ఒకే గదిలో, ఒకే బల్లకి అటొకరూ ఇటొకరూ కూర్చుని డిటెక్టివ్ పని చేసినవాళ్ళే. తర్వాత కోటు కంపెనీల గుట్టుమట్లు కాపాడే ఏజెన్సీ పెట్టుకుని మేడెక్కాడు. ఎక్కితే ఎక్కాడు, ఎవరి మెడ మీద కాలు పెట్టి ఎక్కాడన్నదే భూతద్దం కడుపులో ఆరని మంట. పదకొండేళ్ళ కిందట ఈ బావే కోర్టు బోనులో నిలబడి, గొంతు తడారకుండా, "మా మావగారి స్థలంలో ఇల్లన్నది ఏనాడూ లేదండి, ఉత్త బీడు" అని చెప్పాడు. ఆ ఇంటి వాకిట్లో పెళ్ళి చేసుకున్న మనిషి చెప్పిన మాట అది. ఇంటి కాగితాలు వానకి తడిసి ముద్దయిపోయాయి, పోనీ ఒక్క ఫోటో అయినా చూపించమంది కోర్టు. తీసిందెవరో ఇటువైపు ఎవరికీ తెలీదు, పెళ్ళి ఫోటోలన్నీ పెళ్ళికొడుకు వైపే ఉండిపోయాయి. వాటిని చెదలు తినేశాయన్నాడు పెళ్ళికొడుకు. కోటుకి పని ఇచ్చే కంపెనీ ఒకటి కేసుకి ముందే ఇల్లు పడగొట్టింది, తీర్పు రాగానే స్థలం కలిపేసుకుంది. నాన్న ఆ ఏడు దాటలేదు.

ముసలి ఫోటోగ్రాఫర్ చావు కేసు ఒప్పుకునే ముందు భూతద్దం ఆయన కూతురికి ఒక మాట స్పష్టంగా చెప్పాడు. "అమ్మా, అవతల ఉన్నది మా బావ, వాడి వెనకున్నది ఆ కంపెనీ. వాళ్ళతో నాకు పాతపగ ఉంది. నా గొడవ వేరు, మీ నాన్న గొడవ వేరు. నా గొడవ దీంట్లోకి తీసుకురాను."

"తీసుకొచ్చినా నాకు అభ్యంతరం లేదన్నయ్యా," అంది ఆమె. "మా నాన్న పేరు కడిగితే చాలు."

ముసలి ఫోటోగ్రాఫర్ గురువారం సాయంత్రం తన దుకాణంలోనే కాలిపోయి చచ్చిపోయాడు. నలభై ఏళ్ళ నెగటివ్‌లు ఆయనతో పాటే పోయాయి. పోలీసు కాగితాల్లో ఉన్న కథ ఇది: ముసలాయన, కంపెనీ తన పాతికేళ్ళ పండక్కి వేయించే పుస్తకానికి ఒక ఫోటో అమ్ముకున్నాడు, ఆనక మనసు చెడి తన దుకాణానికి తనే నిప్పు పెట్టుకున్నాడు. ఆ కథ పోలీసులకి చెప్పింది కోటు. ఫోటో ఉన్న పెన్ డ్రైవు ముసలాయన తన చేతులతో తనకి ఇచ్చాడని సాక్ష్యం పలికిందీ కోటే. ఆ ఫోటో ఇప్పుడు పుస్తకంలో నూట పన్నెండో పేజీ. దూరంగా ఒక నీళ్ళ ట్యాంకు, ముందంతా గడ్డి మొలిచిన బీడు. కింద ఒక ముక్క: 'మేము రాకముందు'. దాని కింద ముసలాయన పేరు.

"మా నాన్న బీడుని ఫోటో తియ్యడు," అంది కూతురు మొదటి రోజే. "మనుషులు లేకుండా ఆయన కెమెరా ఎత్తడు."

నాలుగింటికి అచ్చుమిషను తిరగాలి. మూడు దాటాక ఆమెని వెంటబెట్టుకుని భూతద్దం అచ్చాఫీసు మేడ మెట్లెక్కాడు.

పేజీలు తయారుచేసే గది చిన్నది. కిటికీకి నల్ల పరదా, బల్ల మీద రెండు పెద్ద తెరలు, పక్కన అద్దాల గోడ. అద్దం అవతల ప్లేటు, అంటే అచ్చుమిషనుకి బిగించే రేకు, గీసే యంత్రం ఉంది. దాని నెత్తి మీద ఆకుపచ్చ దీపం. మూలన తొట్టిలో ప్లేట్లు కడిగే మందు, ముక్కు పుటాలు ఎగిరిపోయేంత ఘాటుగా. బల్ల ముందు కుర్చీలో ఉన్నావిడని అచ్చాఫీసంతా టిఫ్ మేడమ్ అంటుంది. చదువుంది, అనుభవముంది, రెండూ ఉన్నాయన్న సంగతి ఎదుటివాళ్ళు మర్చిపోకుండా చూసే నోరుంది.

"ఎనిమిదేసి పేజీల ఫారాలు, అన్నిటికీ ప్లేట్లయిపోయాయి. ఈమె పొద్దున కింద గేటు దగ్గర నిలబడి కదలనందని నూట పన్నెండు ఉన్న ఈ ఒక్క ఫారం ఆపాను," అంది మేడమ్, ఫోటోగ్రాఫర్ కూతుర్ని చూపిస్తూ. "మా ఓనరు నన్ను నమిలి మింగేస్తాడు. అడిగేదేదో తొందరగా అడగండి."

"మిమ్మల్ని టిఫ్ మేడమ్ అని ఎందుకంటారు?"

"ఇందుకా మిషను ఆపించింది?"

"ఇక్కణ్ణించి మొదలెడదామని."

ఆవిడ చెయ్యెత్తి తలుపు పైన అట్టముక్క చూపించింది. బొమ్మలు టిఫ్‌లో మాత్రమే. జేపెగ్ తెచ్చినవారు మెట్ల దగ్గర్నించే వెనక్కి తిరగవలెను.

"ఆ రాత నాదే. బొమ్మలకి ఇక్కడ గేటు కాసేదీ నేనే," అంది. "జేపెగ్ అంటే ఏంటో తెలుసా మీకు? బొమ్మని తొక్కి తొక్కి చిన్న పెట్టెలో కుక్కడం. పట్టనిది పారేస్తుంది. ఏం పారేసిందో మీకు చెప్పదు కూడా. ఫోన్లో చూసి మురిసిపోడానికి అది చాలు. అదే బొమ్మ పేజీ నిండా అచ్చేస్తే మొహాల మీద మసక, అంచుల మీద మరకలు. టిఫ్ ఏదీ పారెయ్యదు. మోత బరువు, అంతే."

"మరి జేపెగ్‌ని తెరిచి, టిఫ్ అని పేరు పెట్టి దాచేస్తే?"

"రోజూ ఇద్దరైనా చేస్తారండీ, నా ప్రాణం తియ్యడానికి. నలిగిన చొక్కాని కొత్త పెట్టెలో పెట్టి కొత్త చొక్కా అన్నట్టు. పారేసింది తిరిగి ఎక్కణ్ణించి వస్తుంది?"

"మీరెలా పట్టుకుంటారు?"

"బరువు చూసి. నెగటివ్ నుంచి చేసిన స్కాన్ అయితే వంద ఎంబీ దాటాలి. తక్కువైతే మెట్ల దగ్గర్నించే పంపేస్తాను. మీ నూట పన్నెండో పేజీ బొమ్మ నూట డెబ్భై ఉంది. దర్జాగా లోపలికొచ్చింది."

"బరువే చూశారా? దగ్గరికెళ్ళి మొహం చూశారా?"

మేడమ్ కుర్చీ వెనక్కి జరిగింది. "ఇంత లావు పుస్తకం, వారం రోజుల గడువు. చూడలేదు. తప్పంటారా, అనండి. ఇప్పుడు చూస్తాను."

కంపెనీ సీలు వేసిన నల్ల డ్రైవు ఒకటి తీగతో కంప్యూటరుకి వేలాడుతోంది. పుస్తకంలో బొమ్మలన్నీ దాంట్లోంచే రావాలి, అచ్చాఫీసు కంప్యూటర్లలో ఒక్క కాపీ కూడా మిగలకూడదు. అది కంపెనీ పెట్టిన షరతు.

మేడమ్ ముందు తొంభయ్యో పేజీ తెరిచింది. అదీ ముసలాయన తీసిందే, మూడేళ్ళ కిందట కంపెనీ కొనుక్కున్నది. తాపీ పనివాళ్ళు నవ్వుతున్న ఫోటో. భూతద్దం జేబులోంచి తన పేరుకి కారణమైన గాజుబిళ్ళ తీసి తెర మీద ఆనించాడు.

"అయ్యా, తెరకి భూతద్దం పెడితే తెర గళ్ళే కనిపిస్తాయి," అంది మేడమ్. "తీసి జేబులో పెట్టుకోండి. కాగితం వచ్చాక వాడుకుందురు గాని."

భూతద్దం మారుమాట్లాడకుండా తీసేశాడు. ఆవిడ బొమ్మని పెద్దది చేసుకుంటూ పోయింది. తాపీ పనివాడి చెంప తెరంతా అయింది. చెంప మీద సన్నటి రేణువులు, ఇసుక జల్లినట్టు, ఒకదాని పోలిక ఒకదానికి లేకుండా.

"ఇది ఫిలిం. నెగటివ్ నుంచి వచ్చిన బొమ్మకి ఈ ఇసుక ఉండి తీరాలి. ఇప్పుడు మనవాడిని చూద్దాం."

నూట పన్నెండు. ఆకాశం మీదికి వెళ్ళింది, పెద్దది చేసింది. ఇసుక లేదు. చదరాలు. నేల మీద పలకలు పరిచినట్టు వరసగా, అన్నీ ఒకే కొలత.

మేడమ్ తెర మీదికి వంగింది. ఆ తర్వాత అన్న మాట ఇక్కడ రాయదగ్గది కాదు.

"జేపెగ్," అంది మళ్ళీ, ఈసారి మర్యాదగా. "అదీ ఫోన్లో ఒకళ్ళు ఒకళ్ళకి పంపుకునే రకం. ఈ పలకలు అది తొక్కినప్పుడు పడే గళ్ళు. టిఫ్ పెట్టెలో పెట్టినా ఇవి పోవు."

"ఫోన్లోదా?" ఫోటోగ్రాఫర్ కూతురు తెర దగ్గరికి వచ్చింది. "మా నాన్న అచ్చుకి ఫోన్ బొమ్మ ఇచ్చేవాడే కాదు. ఆయన పద్ధతి ఒకటుంది. ఎవరైనా ముందు బొమ్మ చూస్తామంటే, గోడకున్న ప్రింటుని ఫోన్‌తో తీసి పంపేవాడు. మాట కుదిరాకే నెగటివ్‌ల పెట్టె మూత తీసేది."

"అంటే వీళ్ళ చేతికొచ్చింది చూడ్డానికి పంపిన బొమ్మ," అన్నాడు భూతద్దం. "మాట కుదిరుంటే నెగటివ్ వచ్చేది. నెగటివ్ రాలేదంటే మాట కుదర్లేదు."

"ఇయ్యనన్నాడు," అంది కూతురు. ఆమె గొంతులో ఏడుపు లేదు. ఏదో తిరిగి దొరికినట్టుంది. "నాన్న ఇయ్యనన్నాడు."

మేడమ్ ఆకాశం మీంచి కిందకి జారుతోంది. గళ్ళు వరస తప్పకుండా వస్తున్నాయి. పేజీ నడిమధ్యకి వచ్చేసరికి వరస చెదిరింది. గడ్డి మీద ఒక పెద్ద చెక్క, దాని గళ్ళు పక్క గళ్ళతో కలవడం లేదు.

"అతుకు," అంది మేడమ్. "ఎక్కడో గడ్డి కోసి ఇక్కడ కప్పాడు. చుట్టూ పలకలు ఒక దారి, ఇక్కడ పలకలు ఇంకో దారి. కింద ఏదో ఉంది, దాన్ని మూసేశాడు."

భూతద్దానికి అంత సంతోషంలోనూ ఒక ముల్లు గుచ్చుకుంది. చదువు ఐదో తరగతిలో ఆగిపోయిన మనిషి, ఎంబీలూ గళ్ళూ ఆయనకి బోధపడవు. బరువు మాత్రం బోధపడుతుంది. కుర్రతనంలో గోదాములో బస్తాలు మోశాడు. బస్తా ఉండాల్సినదానికంటే బరువుంటే లోపల ఇంకేదో ఉన్నట్టే.

"మేడమ్, ఫోన్ బొమ్మ తేలిక కదా. ఎంత సాగదీస్తే నూట డెబ్భై అవుతుంది?"

"పాతికకి మించి..." ఆవిడ ఆగిపోయింది. "పాతికకి మించదు."

"మరి మిగతా బరువు ఎక్కడిది?"

మేడమ్ మౌస్ అందుకుంది. ఇంతసేపూ బొమ్మని పేజీలోనే చూస్తూ వచ్చింది. ఇప్పుడు దాన్ని విడిగా, బొమ్మలు దిద్దే ప్రోగ్రాములో తెరిచింది. తెర పక్కన ఒక చిన్న నిచ్చెనలాంటిది దిగింది. ఒకదాని కింద ఒకటి ఏడు మెట్లు.

"పొరలు," అంది, గొంతు తగ్గించి. "టిఫ్‌లో ఇదో సౌకర్యం. ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ పరిచి, అన్నిటినీ అలాగే దాచుకోవచ్చు. పేజీలో పెడితే పైన కనిపించేదే కనిపిస్తుంది. పని అయ్యాక పొరలన్నీ కలిపేసి ఒక్కటి చెయ్యాలి, అది మా ఇంటి ఆచారం లాంటిది. వీడు కలపలేదు."

"మర్చిపోయాడా?"

"మర్చిపోలేదండీ. కలిపేస్తే తేలికైపోతుంది, తేలికైతే నా గేటు దాటదు. ఇదిగో, అదే బొమ్మని ఐదుసార్లు ఒకదాని మీద ఒకటి పేర్చాడు. అన్నిటి పైన గడ్డి అతుకు. ఇదంతా తూకం కోసం, నన్ను బోల్తా కొట్టించడం కోసం. తూకం ఎక్కువుంటే లోపల ఎవరూ చూడరని వాడికి తెలుసు." ఆవిడ మొహం ఎర్రబడింది. "నా గేటు నియమంతోనే నా నెత్తిన కొట్టాడు."

"గడ్డి తీసెయ్యండి."

ఒక్కో మెట్టు పక్కనా ఒక చిన్న కన్ను గుర్తుంది. నొక్కితే ఆ పొర మాయమవుతుంది. మేడమ్ పైకన్ను మూసింది. పెద్దది చేసిన ఆ తెర మీద గడ్డి పోయి కిటికీ మూల ఒకటి కనిపించింది. ఒక ఊచ, కొంచెం గోడ.

"ఇల్లు," అంది కూతురు.

మేడమ్ బొమ్మ మొత్తం కనబడేలా చిన్నది చేసే మీట నొక్కింది. ముసలి కంప్యూటరు, మోయలేని బరువు. తెర తెల్లబోయి ఆలోచనలో పడింది. సరిగ్గా అప్పుడే తలుపు దగ్గర గొంతు వినిపించింది.

"ఏం బావమరిదీ, అచ్చాఫీసుకి దయచేశావు? పెళ్ళి కార్డులు వేయిద్దామనా? ఈ వయసులో ఎవరిచ్చారు పిల్లని?"

నల్లకోటు. బొత్తాములు గొంతుదాకా పెట్టుకుని, చేతిలో ఫోన్ తిప్పుతూ, గుమ్మంలో.

భూతద్దం రెండడుగులు వేసి తెరకి అడ్డంగా నిలబడ్డాడు. "నీకు సన్మానపత్రం వేయిద్దామని వచ్చాను బావా. నువ్వాడిన అబద్ధాలన్నీ ఒక పేజీలో పట్టవంటున్నారు."

"నోరు మాత్రం అరగలేదు." కోటు లోపలికి చూశాడు. "మేడమ్, మూడున్నర దాటింది. ఆ ఫారం ఆగిందట, ఎందుకు?"

మేడమ్ కుర్చీ తెర వైపు తిప్పుకుంది. "పంపిస్తున్నానండీ. నాలుగు నిమిషాలు పడుతుంది ప్లేటు గీయడానికి. అప్పటిదాకా ఆ డ్రైవు తీగ కదలకూడదు, కదిలితే ప్లేటు పాడు." మాట కోటుకి చెప్పింది గానీ, చూపు మాత్రం భూతద్దం వైపు ఒక్కసారి తిరిగి వెళ్ళిపోయింది.

ఆవిడ వేళ్ళు మీటల మీద టకటకలాడాయి. అద్దం అవతల ప్లేటు యంత్రం గురగురమంది. నెత్తిన ఆకుపచ్చ దీపం వెలిగి ఆరుతూ మొదలెట్టింది.

భూతద్దానికి అర్థమైంది. ఆవిడ పంపుతున్నది గడ్డి ఉన్న బొమ్మ కాదు. పై పొరలన్నీ ఆర్పేసి, అడుగుదాన్ని పంపుతోంది. ఆ దీపం నిలకడగా వెలిగేదాకా కోటు కళ్ళు తెర మీద పడకూడదు, చెయ్యి డ్రైవు మీద పడకూడదు. పదకొండేళ్ళుగా ఈ మనిషిని తిట్టడానికైనా గుమ్మం తొక్కనివాడు, ఇప్పుడు వీణ్ణి కోరి కయ్యానికి పిలవాలి. అది పెద్ద కష్టమైన పనేం కాదు.

"అక్క ఎలా ఉంది?"

"నువ్వొచ్చి చూడు. గుమ్మం తొక్కనని ఒట్టేసుకున్నది నువ్వేగా."

"నీ గుమ్మం తొక్కాలంటే మా గుమ్మం ఇటుకలు తొక్కినట్టుంటుంది బావా. మా ఇంటిని అమ్మి కట్టుకున్నావుగా."

"ఏ ఇల్లు?" కోటు నవ్వాడు. "కోర్టు తేల్చింది, ఇల్లు లేదని. నీకు జడ్జి కంటే ఎక్కువ తెలుసా? ఐదో తరగతి దగ్గర ఆగిపోయినవాడివి, పుస్తకాల అచ్చు గురించి నీకు ఏం తెలుసని ఇక్కడ తిష్ట వేశావు?"

"ఏం తెలీదు. తెరకి భూతద్దం పెడితే ఏం కనబడదని ఇందాకే తెలిసింది. ఇంకోటి కూడా తెలిసింది. ఆ బొమ్మ నెగటివ్ నుంచి రాలేదు. ఫోన్లోంచి వచ్చింది."

కోటు మొహంలో నవ్వు అలాగే ఉంది, కళ్ళు మాత్రం దాన్ని వదిలి వెళ్ళిపోయాయి. "ముసలాయనే స్కాన్ చేసి, డ్రైవులో పెట్టి, నా చేతికిచ్చాడు. గురువారం సాయంత్రం. పోలీసులకి రాసిచ్చాను."

"ఎంతకి?"

"ఐదింటికి."

"ఎంత బేరానికి అన్నాను బావా. టైము కాదు."

"అది కంపెనీ చూసుకుంటుంది."

దీపం వెలుగుతోంది, ఆరుతోంది. భూతద్దం ఇంకో అడుగు ముందుకేసి బావ కోటు కాలర్ మీద లేని దుమ్ము దులిపాడు. "ఒక ముసలాయన్ని ఒప్పించలేకపోయావు చూడు. పెద్ద ఏజెన్సీ, పాతికమంది జీతగాళ్ళు. కెమెరా మెళ్ళో వేసుకున్న ముసలాడు పొమ్మంటే తోక ముడుచుకుని వచ్చేశావు. కంపెనీవాళ్ళకి తెలిస్తే నవ్వుతారు."

"నన్నెవడూ పొమ్మనలేదు."

"పొమ్మన్నాడు. ఆయన కూతురు చెప్పింది."

కూతురు కోటుకి ఎదురుగా వచ్చింది. ఆమె సన్నగా ఉంటుంది, కోటు భుజం దాకా రాదు. "మా నాన్న మీ మొహానే చెప్పుంటాడు," అంది. "ఎంతిచ్చినా నా నెగటివ్ ఇయ్యను, పొమ్మని. చెప్పాడా లేదా?"

"నువ్వు తప్పుకో."

"తప్పుకోను. మా నాన్న ఎవరికీ అమ్ముడుపోలేదు. దుకాణానికి నిప్పు పెట్టుకోలేదు. నలభై ఏళ్ళు ఊరి మొహాలన్నీ ఆ పెట్టెలో దాచినవాడు."

"నీకు మీ నాన్న బుద్ధే వచ్చింది," అన్నాడు కోటు. పళ్ళు బిగిశాయి. "ఆయనా అంతే. ఆ పెట్టె మీద కూర్చుని లేవనని మొండికేశాడు. లేచి ఉంటే ఈపాటికి..."

మాట అక్కడ తెగింది.

గదిలో ప్లేటు యంత్రం చప్పుడు ఒక్కటే మిగిలింది. తర్వాత అదీ ఆగింది. ఆకుపచ్చ దీపం నిలకడగా వెలుగుతోంది.

"ఆహా," అన్నాడు భూతద్దం, మెల్లగా. "డ్రైవు చేతికిచ్చినవాడు పెట్టె మీద ఎందుకు కూర్చున్నాడు బావా?"

కోటు పై బొత్తాం సర్దుకున్నాడు. అరనిమిషంలో మళ్ళీ పాత కోటు అయిపోయాడు. "మేడమ్, ప్లేటు అయిందా?"

"ఇప్పుడే అయిందండీ."

"అయితే దీంతో ఇంక పని లేదు." బల్ల దగ్గరికి నడిచి, తీగ పీకి, డ్రైవుని మూలనున్న తొట్టిలోకి వదిలేశాడు. మందు బుడబుడమంది. తెర మీద బొమ్మ చచ్చిపోయి, ఫైలు దొరకడం లేదన్న ముక్క మిగిలింది. "కంపెనీ సొత్తు, కంపెనీ పారేసుకుంది. కాపీలు ఇక్కడ లేవు, షరతు ఉంది. నీ ఫోన్ బొమ్మలూ, గళ్ళూ వెళ్ళి ఎవరికి చెప్పుకుంటావో చెప్పుకో బావమరిదీ. బొమ్మ మాత్రం ముసలాయన పేరుతో పుస్తకంలో ఉంటుంది. రేపు ఎవడైనా ఇల్లున్న బొమ్మ పట్టుకొచ్చాడనుకో, అదే దొంగదంటాం. తీసినవాడే బీడన్నాడు కదా."

ఇప్పుడు అర్థమైంది భూతద్దానికి, అదే ఫోటోని తీసుకుని అందులోనే ఇల్లు ఎందుకు మాయం చేశారో. అసలుని కాల్చేస్తే సరిపోదు. అసలు ఎప్పుడైనా బయటికొస్తే దాన్నే నకిలీ అనిపించాలి.

మేడమ్ లేచి అద్దం తలుపు తీసి, పలచటి అల్యూమినియం రేకుని రెండు చేతులా పట్టుకుని, కోటు పక్కనుంచే మెట్ల మీదికి నడిచింది. రేకు మీద బూడిదరంగు నీడలు తప్ప ఏవీ తెలియవు. నలుపు తెలుపు పుస్తకం, ఫారానికి ఒక్క ప్లేటు చాలు.

కింద మిషను హాలులో ఇంకో ఆచారం ఉంది. మొదట సరిగ్గా పడిన కాగితం మీద పని ఇచ్చినవాళ్ళు చూసి సంతకం పెట్టాలి, పెట్టాకే మిషను జోరందుకుంటుంది. కంపెనీ తరఫున ఆ సంతకం కోటుదే. పావుగంటలో మిషను మేస్త్రీ ప్లేటు బిగించి, సిరా సరిచూసి, నాలుగు కాగితాలు పారేసి, ఐదోది తెచ్చి ఏటవాలు బల్ల మీద పరిచాడు. తలుపంత కాగితం. ఒక్కో పక్క ఎనిమిది పేజీలు. మడత పెట్టాక వరస కుదరాలని సగం పేజీలు నిలువుగా, సగం తలకిందులుగా పడతాయి. అచ్చుపనిలో పుట్టి పెరిగినవాళ్ళకి తప్ప ఇంకొకళ్ళకి ఆ కాగితం ఒక్క చూపులో అంతుపట్టదు.

కోటు ఎదురుగా ఉన్న నాలుగు పేజీలు చూశాడు. అక్షరాలు నల్లగా, నిటారుగా ఉన్నాయి. అవతలి అంచున తలకిందులుగా ఉన్న పేజీల్లో చివరిదాని పక్క ఫోటోగ్రాఫర్ కూతురు నిలబడి ఉంది, కాగితం ఎగరకుండా అన్నట్టు అరచెయ్యి ఆనించి. ఆమె చేతి కింద ఏముందో తల వంచి చూడాలంటే కోటు ఆమె దగ్గరికి వెళ్ళాలి. ఇందాకటి నుంచి అతను ఆమె కళ్ళలోకి చూడడం మానేశాడు.

ఫోన్ మోగింది. కోటు దాన్ని చెవికి ఆనించుకుని, "ఆ, అయిపోయింది సార్, ఇక్కడే ఉన్నాను, ఏ అడ్డమూ లేదు," అంటూ మేస్త్రీ ఇచ్చిన పెన్నుతో అంచున బర్రున గీశాడు.

"తిప్పమంటారా?" అన్నాడు మేస్త్రీ.

"తిప్పు," అన్నాడు కోటు, ఫోన్ మీద చెయ్యి అడ్డం పెట్టి. భూతద్దం పక్కనుంచి వెళ్తూ చెవి దగ్గర ఆగాడు. "శుక్రవారంలోగా ఆ పిల్లని వేరే ఊరికి పంపెయ్. మొండితనానికి ఏమవుతుందో ఆమె ఇంట్లోనే చూసిందిగా. నిన్ను కూడా చుట్టం కదా అని ఎన్నాళ్ళో చూడను."

"చూడు బావా," అన్నాడు భూతద్దం. "బాగా చూడు. నీకు చూసే అలవాటు లేకే ఇక్కడిదాకా వచ్చాం."

కోటు వెళ్ళిపోయాడు. హాలు తలుపు మూసుకుంది. మిషను ఊపందుకుంది, నేల అదిరింది, కాగితాలు ఒకదాని మీద ఒకటి పడడం మొదలెట్టాయి. కూతురు చెయ్యి తీసింది. ఆమె అరచెయ్యి నల్లగా అయింది.

మేడమ్ సంతకం పెట్టిన కాగితాన్ని రెండు అంచులూ పట్టుకుని తలకిందులు చేసింది. "ఇప్పుడు తియ్యండి మీ గాజుబిళ్ళ," అంది. "ఇది కాగితం."

దూరంగా నీళ్ళ ట్యాంకు అలాగే ఉంది. ముందు బీడు లేదు. పెంకుటిల్లు ఉంది. గళ్ళ మసకలో కొంచెం చెదిరి, అయినా ఎవరూ పొరపాటు పడలేనంత స్పష్టంగా. భూతద్దం వంగి బిళ్ళని కాగితం మీద ఆనించాడు. అరుగు. అరుగుకి మూడు మెట్లు. మూడో మెట్టుకి ఒక మూల విరిగి ఉంది. చిన్నప్పుడు ఆ మూల మీద పడబట్టే తన గడ్డం కింద మచ్చ వచ్చింది. భూతద్దం చెయ్యి తనకి తెలియకుండానే ఆ మచ్చ మీదికి వెళ్ళింది.

గడపలో అమ్మ నిలబడి ఉంది, ఎండకి కళ్ళ మీద చెయ్యి అడ్డం పెట్టుకుని. ఆమె పక్కన పెళ్ళికూతురు. పెళ్ళికూతురి పక్కన, విరిగిన మెట్టు మీద దర్జాగా కాలు పెట్టి, గొంతుదాకా బొత్తాములు పెట్టిన కొత్త నల్లకోటులో పెళ్ళికొడుకు.

"అన్నయ్యా, ఎవరిల్లు ఇది?" అంది ఫోటోగ్రాఫర్ కూతురు. "నాన్న ఎవరి కోసం పోయాడు?"

భూతద్దం బిళ్ళని జేబులో పెట్టుకున్నాడు. వేలితో కాగితం అంచు చూపించాడు. ఇల్లున్న పేజీకి అవతలి అంచున, సిరా ఇంకా తడి ఆరని సంతకం ఉంది. చూశాను, సరిగ్గా ఉంది, అచ్చెయ్యండి అని దానర్థం.

"మీ నాన్న గొడవా నా గొడవా వేరు కాదమ్మా," అన్నాడు చివరికి.

కాగితాన్ని మడవనివ్వలేదు. చుట్ట చుట్టి, చొక్కా లోపల గుండెకి ఆనించి పెట్టుకుని, ముందు గుమ్మంలోంచే, తలెత్తుకుని బయటికి నడిచాడు. ఆ ఇల్లున్న స్థలం, ఏ ఇల్లూ లేని బీడని కోర్టు రాసుకుని కంపెనీకి కట్టబెట్టిన స్థలం, నాలుగు వందల ముప్పై ఏడున్నర గజాలు.